గడువు, వాయిదా, ముహూర్తం

డెడ్‌లైన్ అన్న ఆంగ్లపదం పుట్టుక అంత మంచిది కాదు. 1864లో, అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో ప్రహరీకి కాస్త ఇవతలగా చిన్న కంచె ఒకటి కట్టారు. దాన్ని దాటిన ఖైదీని కావలివాడు అక్కడికక్కడే కాల్చెయ్యొచ్చు. ఆ కంచెకే డెడ్‌లైన్ అని పేరు. తరవాత కొన్ని దశాబ్దాలకు ఆ మాట పత్రికాఫీసుల్లో స్థిరపడింది, అక్కణ్ణుంచి మన ఉద్యోగాల్లోకి నడిచి వచ్చింది. ఇప్పుడు ఎవరినీ కాల్చరు గానీ, దాటినవారి పేరు పక్కన ఎర్రరంగు మాత్రం పడుతుంది.

మన గడువు అలాంటిది కాదు. అది గడవడానికి సంబంధించిన మాట. అందులో గీత కన్నా వ్యవధి ఎక్కువ కనిపిస్తుంది. 'నెల గడువిచ్చాడు' అంటాం, 'ఇంకో వారం గడువడిగాను' అంటాం. అంటే ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు, మధ్యన కొంత కాలం, ఈ మూడూ ఉంటేనే గడువు. వాయిదా కథ ఇంకా వింతగా ఉంటుంది. ఉర్దూ దారిన మనకు వచ్చిన ఆ మాటకు అరబ్బీలో మూలార్థం వాగ్దానం. ఫలానా రోజుకి చేస్తానని మాటివ్వడం అన్నమాట. మన కోర్టుల మెట్లు ఎక్కీ దిగీ ఆ వాగ్దానం కాస్తా వెనక్కి నెట్టడం అయి కూర్చుంది.

ఇక మూడోది ముహూర్తం. రోజులో ముప్ఫయ్యో వంతు, అంటే 48 నిమిషాలు. మన పెద్దలు శ్రద్ధంతా దీనిమీదే పెట్టారు. ఇంట్లో మేకుకు వేలాడే ఏ తెలుగు క్యాలెండరు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది, వర్జ్యం ఇన్ని గంటలకు, దుర్ముహూర్తం ఇన్ని గంటలకు. ఇవన్నీ పని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు మొదలుపెట్టకూడదు అని చెప్పేవే. ఎప్పటికి పూర్తి కావాలో పంచాంగం చెప్పదు. పెళ్ళికి లగ్నం ఉంటుంది, ఇంటికి శంకుస్థాపన ముహూర్తం ఉంటుంది. గోడలు ఎప్పటికి లేస్తాయన్నది మేస్త్రీకీ దేవుడికీ మధ్య వ్యవహారం!

పనులు రాసుకునే సాఫ్ట్‌వేరు దీనికి పూర్తిగా తలకిందులు. అందులో పని పేరు రాయడానికి ఒక గడి, తేదీకి ఒక గడి ఉంటాయి. చాలావాటిలో ఆ తేదీ ముగింపు తేదీయే. ఎప్పుడు మొదలుపెడతావు అని అది అడగదు. పంచాంగానికి ఆరంభం తప్ప అక్కర్లేదు, సాఫ్ట్‌వేరుకు అంతం తప్ప అక్కర్లేదు. ఈ రెంటి మధ్యా మన బతుకు ఎలా సాగుతున్నదో కొన్నేళ్ళుగా గమనిస్తున్నాను. ఆ గమనికలే ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది ఏర్పేడు. రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ మధ్య రైలు ఆగే చిన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ శాశ్వత ప్రాంగణం మా మండలంలోనే వచ్చింది గనక ఈ మధ్య ఊరి పేరు బయటివాళ్ళకూ తెలుస్తోంది. 2020లో కరోనా తోసుకొస్తే బెంగళూరు నుంచి ఇంటికి చేరాను. ఉద్యోగం ఇంటినుంచే చేసుకునే వీలు దొరికింది. నాయనకు తోడుగా ఉన్నట్టూ ఉంటుందని ఇక్కడే ఉండిపోయాను. నాయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పాకాల నుంచి ధర్మవరం వెళ్ళే ఒంటి లైను మీద, అది మీటరుగేజిగా ఉన్న కాలంలో, చాలా ఏళ్ళు పనిచేశారు.

ఒక సాయంత్రం నేను కంప్యూటరు ముందు కూర్చుని ఉండగా నాయన వెనక నిలబడి తెర వైపు చూశారు.

"ఆ ఎర్రగా ఉండేదంతా ఏందిరా అబ్బోడా?"

"గడువు దాటిపోయిన పనులు నాయనా."

నాయన కళ్ళజోడు సరిచేసుకుని లెక్కబెట్టినట్టున్నారు. "ఇన్ని దాటిపొయ్యింటే ఎవురన్నా వచ్చి అడగల్ల గదా. ఎవురడిగినారు?"

ఆలోచిస్తే నిజమే. అక్కడ ముప్ఫైకి పైగా పనులున్నాయి. వాటిలో ఎవరైనా వచ్చి అడిగేవి మూడో నాలుగో. మిగతావాటి పక్కన తేదీ ఎందుకుందంటే, ఆ గడి ఖాళీగా ఉంటే పని జాబితా అడుక్కి జారిపోతుంది గనక. పైన కనబడాలంటే ఏదో ఒక తేదీ వెయ్యక తప్పదు. ఆ తేదీ వచ్చేస్తుంది, వెళ్ళిపోతుంది, పని ఎర్రబడుతుంది. అన్నీ ఎర్రబడ్డాక ఏది నిజంగా ఎరుపో కంటికి ఆనదు. ఇది అందరి తెరల మీదా జరిగేదే. 'అప్పుడు చేద్దామనుకుంటున్నాను' అన్న మాటనూ 'అప్పటికి కాకపోతే కుదరదు' అన్న మాటనూ ఒకే గడిలో కుక్కడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఈ తేడా కంప్యూటర్లవాళ్ళకు తెలియనిదేమీ కాదు. క్యాలెండరు సమాచారాన్ని ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పంపుకోవడానికి 1998లో ఐక్యాలెండర్ అనే ప్రమాణం ఒకటి రాసుకున్నారు. అందులో 'చేయవలసిన పని'కి ఆరంభానికి ఒక గది, ముగింపు గడువుకు ఒక గది వేరువేరుగా ఉన్నాయి. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈమాక్స్ మీద ఆర్గ్‌మోడ్ తయారుచేసినప్పుడు, ఆ తరవాత అందులోనూ ఇదే పద్ధతి వచ్చింది. షెడ్యూల్డ్ అంటే ఆ రోజున పని మొదలుపెడదామనుకుంటున్నాను అని అర్థం. డెడ్‌లైన్ అంటే ఆ రోజుకు ముగియాలి అని. మొదటిది ఆ రోజు వచ్చాకే కనబడుతుంది, పని అయ్యేదాకా రోజూ కనబడుతూనే ఉంటుంది. రెండోది మనం వేరే చెప్పకపోతే పద్నాలుగు రోజుల ముందునుంచే హెచ్చరిస్తుంది. 2017లో వచ్చిన థింగ్స్ మూడో కూర్పులో కూడా 'ఎప్పుడు' అని ఒకటి, 'గడువు' అని ఒకటి విడివిడిగా ఉన్నాయి. ఇంత చిన్న విభజన ఎంత ఊరటనిస్తుందో చేసి చూస్తే గానీ తెలియదు.

నాయన ప్రశ్ననే కొలబద్దగా పెట్టుకుని ఆ వారం తేదీలన్నీ తీసి మళ్ళీ వేశాను. ఆ రోజు దాటితే ఎవరైనా వచ్చి అడుగుతారా? అడిగితే అది గడువు. అడగకపోతే అది నా ముహూర్తం. ముహూర్తం తప్పితే ఇంకో ముహూర్తం చూసుకోవచ్చు, అందులో నేరమేమీ లేదు.

అయితే గడువు ఉన్న పనికి కూడా అసలు తేదీ గడువు కాదు. ఈ మాట రైతులకు చెప్పక్కర్లేదు. మా వైపు వానకు చెనక్కాయలు వేస్తారు. పంట చేతికి రావడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. జూన్, జులైలలో అదను చూసి విత్తాలి. ఆగస్టులో ఎంత మంచి వాన పడినా చెనక్కాయల జోలికి పోక, ఉలవలో అలసందలో చల్లుకుంటారు. రైతు కళ్ళముందు ఉండే తేదీ పంట కోసే రోజు కాదు, విత్తడానికి మిగిలిన ఆఖరి రోజు. అదను అంటే అదే.

ఈ అదనుకే 1957లో డ్యూపాంట్ కంపెనీలో లెక్క కట్టారు. కర్మాగారాల నిర్మాణం, మరమ్మతుల పనులు ఏ వరసలో చేస్తే త్వరగా తెమలుతాయో చూడటానికి మోర్గన్ వాకర్, జేమ్స్ కెల్లీ అనే ఇద్దరు క్రిటికల్ పాత్ అనే పద్ధతి తయారుచేశారు. మరుసటి ఏడు అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చుకుంది. క్రిటికల్ పాత్‌లో ప్రతి పనికీ నాలుగు తేదీలు వస్తాయి: తొందరగా ఎప్పుడు మొదలవగలదు, తొందరగా ఎప్పుడు ముగియగలదు, ఆలస్యంగా ఎప్పుడు మొదలైతే ఫరవాలేదు, ఆలస్యంగా ఎప్పుడు ముగిస్తే ఫరవాలేదు. చివరి తేదీలోంచి పని పట్టే కాలం తీసేస్తే వచ్చేదే ఆఖరి ఆరంభం. ఇరవయ్యో తేదీకి ఇవ్వాల్సిన పని ఆరు రోజులు పడుతుందంటే, పధ్నాలుగు చివరికల్లా చేతులు పెట్టి తీరాలి. జాబితాలో మెరవాల్సింది పధ్నాలుగు. చాలా సాఫ్ట్‌వేర్లు ఇరవయ్యో తేదీ పొద్దున చక్కగా గంట కొడతాయి. పెళ్ళయ్యాక మోగే బాజా!

సరే, ఎప్పుడు మొదలెట్టాలో తెలిసింది. పనులు ఎక్కువై, కాలం చాలకపోతే? అప్పుడేం చెయ్యాలి? ఇక్కడ గణితం చెప్పే మాట నాకు చాలా నచ్చింది. ఒక చిన్న లెక్క చూడండి.

పొద్దున తొమ్మిదికి కూర్చున్నాం. మూడు పనులున్నాయి. మొదటిది ఆరు గంటల పని, సాయంత్రం నాలుక్కి ఇవ్వాలి. రెండోది రెండు గంటలు, నాలుగున్నరకి ఇవ్వాలి. మూడోది గంట పని, ఐదుకి ఇవ్వాలి. మనమందరం చేసేది, దగ్గరి గడువు ముందు. అలా చేస్తే మొదటిది మూడింటికి అయిపోతుంది, బాగుంది. రెండోది ఐదింటికి, అంటే అరగంట ఆలస్యం. మూడోది ఆరింటికి, అంటే గంట ఆలస్యం. ఇద్దరికి మాట తప్పాం, కానీ ఎవరికీ గంటకు మించి తప్పలేదు. ఏ ఒక్కరికీ మరీ ఎక్కువ ఆలస్యం కాకూడదనుకుంటే ఇంతకన్నా మంచి వరస ఉండదని 1955లో జాక్సన్ అనే ఆయన నిరూపించారు.

కానీ తప్పే మాటల సంఖ్య తగ్గించాలనుకుంటే దారి వేరు. 1968లో మూర్ అనే ఆయన చెప్పిన ఉపాయం ఇది. గడువుల వరసలోనే పేర్చుకుంటూ పో. ఎక్కడ ఒక పని ఆలస్యమవుతుందని తేలిందో అక్కడ ఆగి, అంతవరకూ పేర్చినవాటిలో అన్నిటికన్నా పెద్ద పనిని తీసి వెనక్కి పెట్టు. ఇందాకటి లెక్కలో ఆరు గంటల పని వెనక్కి పోతుంది. రెండోది పదకొండుకి, మూడోది పన్నెండుకి పూర్తవుతాయి. పెద్దది సాయంత్రం ఆరింటికి, రెండు గంటల ఆలస్యంగా. ఒక్కరికే మాట తప్పాం. అదీ, తప్పబోతున్నామని పొద్దున తొమ్మిదికే తెలుసు! ఫోనుచేసి 'నాలుక్కి కాదండీ, ఆరింటికి' అని చెప్పొచ్చు. సాయంత్రం నాలుక్కి చెప్పే 'ఆరింటికి' వేరు, పొద్దున తొమ్మిదికి చెప్పే 'ఆరింటికి' వేరు. రెండోదాంట్లో గడువు మళ్ళీ మన పాత తెలుగు గడువు అవుతుంది, అడిగి పుచ్చుకునేది అవుతుంది.

కంప్యూటరు లోపల కూడా ఇదే గొడవ. దగ్గరి గడువున్న పనిని ముందు అందుకునే పద్ధతి గురించి 1973లో లియూ, లేలండ్ అనే ఇద్దరు పేరుపొందిన వ్యాసం రాశారు. పదేపదే వచ్చే పనుల భారం యంత్రం శక్తికి నూటికి నూరు మించనంత వరకు, మధ్యలో పని ఆపి మరోటి అందుకునే వీలుంటే, ఈ పద్ధతిలో ఒక్క గడువూ తప్పదని తేల్చారు. ముచ్చటైన ఫలితమే. నూరు దాటిందా, అదే పద్ధతి కొంప ముంచుతుంది. ఒకటి ఆలస్యమై రెండోదాన్ని తోస్తుంది, అది మూడోదాన్ని తోస్తుంది, పేర్చిన ఇటికలు పడ్డట్టు అన్నీ వరసగా పడతాయి. నూటికి నూరు మించిన మనిషికి 'తొందరైనవి ముందు చేసుకో' అని సలహా చెప్పడం ఆ ఇటికల్లో మొదటిదాన్ని తోయడమే. అతనికి కావలసింది వరస కాదు, ఒక పని తీసెయ్యడానికి అనుమతి.

పని ఎంతసేపు పడుతుందో సరిగా తెలిస్తే కదా ఈ లెక్కలన్నీ, అంటారు మీరు. అదీ నిజమే. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశోధన వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను, ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులని అడిగితే 48.6 అన్నారు. చివరికి పట్టింది 55.5 రోజులు. అన్నీ ఎదురుతిరిగినట్టు ఊహించుకున్నా మనిషి లెక్క నిజానికి వారం దూరంలో ఆగిపోయింది!

ఇది నాయనకు చెబితే నవ్వారు. "బండికి టైము కట్టేటప్పుడే కొంచిం ఎక్కువేసి కడతారు గదరా," అన్నారు. రైల్వే కాలపట్టికల్లో బండి నిజంగా పరిగెత్తే కాలానికి పైన ఇంజనీరింగ్ అలవెన్స్ అనీ ట్రాఫిక్ అలవెన్స్ అనీ కొన్ని నిమిషాలు కలుపుతారు. పట్టాల మరమ్మతు జరుగుతుంది, ఎక్కడో సిగ్నలు దగ్గర ఆగాల్సి వస్తుంది, అది ముందే తెలుసు గనక. అందుకే చివరి స్టేషను ముందు ఒక చిన్న దూరానికి విచిత్రంగా ఎక్కువ సమయం రాసి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన బండి అక్కడ కోలుకుంటుంది. నా పనులకు కూడా ఇప్పుడు చివర్లో అలా కొన్ని గంటలు విడిచిపెడుతున్నాను. పని పట్టికలో దానికి పెట్టుకున్న పేరు 'అలవెన్స్'. ఇలా ప్రతి పనికీ విడిగా దాచుకోకుండా అంతా కలిపి చివర్న ఒకేచోట పెట్టమని గోల్డ్‌రాట్ 1997లో ఒక పుస్తకమే రాశారు. దాని సారం కాలపట్టిక రాసే గుమాస్తాలకు అంతకుముందే తెలుసునేమో అనిపిస్తుంది.

ఒంటి లైను రోజుల్లో ఇంకో నియమం ఉండేదట. రెండు స్టేషన్ల మధ్య ముక్కకు ఒకే టోకెను బయట ఉంటుంది. అది డ్రైవరు చేతికి అందితేనే బండి కదలాలి. అవతలి స్టేషనులో దాన్ని అప్పగించాకే మరో బండికి దారి. "అర్జెంటు బండైనా సరే, టోకెను లేకపోతే నిలబడాల్సిందే. లేదంటే రెండూ ఎదురెదురుగా వస్తాయి," అన్నారు నాయన. మనం పొద్దుటినుంచి నాలుగు పనులను ఒకే ముక్కలోకి పంపుతూ ఉంటాం. అవి ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, రక్తం కనబడదు గనక తెలియదు. అంతే తేడా.

ఇంతవరకూ చెప్పినదంతా గడువున్న పనుల గురించి. అసలు చిక్కు గడువు లేనివాటితోనే ఉంది.

నాయనకు ఏటా తప్పని గడువు ఒకటుంది. పింఛను తీసుకునేవారు నవంబరు నెలలో తాము బతికే ఉన్నామని రుజువు ఇవ్వాలి. ఎనభై దాటినవారికి అక్టోబరు నుంచే వీలు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పేరుతో ఇది వేలిముద్రతో ఆన్‌లైనులో చెయ్యొచ్చు. లివర్లు లాగిన చేతులకు వేలిగీతలు మిగలవు గనక ఆ యంత్రం నాయనను ఒకపట్టాన ఒప్పుకునేది కాదు. 2021 చివర్లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చాక ఇంట్లోనే ఫోనుతో అయిపోతోంది. ఇది అసలైన గడువు. తప్పితే పింఛను ఆగుతుంది, వచ్చి అడిగేవాళ్ళున్నారు. కాబట్టి ఏ ఏడూ తప్పలేదు. నాయన బతికి ఉన్నారన్న కాగితం ఏటా సకాలంలో ప్రభుత్వానికి చేరుతోంది.

నాయనకు ఇంకో కోరిక ఉండేది. గుడిమల్లం పోయి రావాలని. అది మా మండలంలోదే. పరశురామేశ్వరుడి గుడి, వెనక ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగిన గర్భాలయం, దాదాపు ఐదడుగుల ఎత్తున, నిలబడిన మూర్తితో చెక్కిన లింగం. క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలదని చాలామంది పండితులంటారు. అంత పాతది మా పక్కనే ఉంది, పోవడానికి ఒక పూట చాలు. ఈ పనికి గడువు లేదు, ఎవరూ వచ్చి అడగరు. ఏ సాఫ్ట్‌వేరు ఏ వరసలో పేర్చినా అది అడుగునే ఉంటుంది. రెండు వేల సంవత్సరాలకు పైగా నిలబడినవాడు ఇంకో నెల నిలబడలేడా అనిపిస్తుంది కూడా.

కానీ అక్కడ గర్భాలయం నేలమట్టం కన్నా పల్లంలో ఉంటుంది, మెట్లు దిగాలి. గడువు దేవుడికి లేదు. నాయన మోకాళ్ళకు ఉంది. ఆ తేదీ ఎవరికీ తెలియదు గనక క్రిటికల్ పాత్ లెక్కకు అందదు. తెలియని గడువులోంచి ఎన్ని రోజులు తీసేస్తే ఆఖరి ఆరంభం వస్తుంది? ఎంత లెక్కేసినా ఒకటే జవాబు, వీలైనంత ముందు.

అందుకని దానికి గడువు వెయ్యలేదు, ముహూర్తం పెట్టాను. ఒక జనవరి గురువారం, పొద్దున ఏడు గంటలకు, ఆ పూట టోకెను దానికే. కార్యాలయంవాళ్ళకు వారం ముందే చెప్పాను, ఎవరూ కాదనలేదు. మంచు విడుతుండగా ఆటోలో వెళ్ళాం. మెట్ల దగ్గర నాయన నా భుజం పట్టుకుని ఒక్కొక్కటీ దిగారు. లోపల చాలాసేపు నిలబడ్డారు. పైకి వచ్చి అరుగుమీద కూర్చున్నాక, "ఇంగో రెండేండ్లు పోయింటే దిగలేకపొయ్యుందును," అన్నారు, వాతావరణం గురించి చెప్పినట్టు మామూలుగా.

అప్పటినుంచి నా జాబితాలో ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఎవరో వచ్చి అడిగే పనులకు గడువు రాస్తాను, దాని పక్కనే ఆఖరి ఆరంభం రాస్తాను. ఎవరూ అడగని పనులకు గడువు రాయను, వాటికి ముహూర్తం మాత్రమే. వారానికి ఒక పూట అలాంటి పని ఒకదానికి ఇచ్చేస్తాను, ఎంత అర్జెంటు బండి వచ్చినా సరే. పాకాల లైను స్టేషన్ల పేర్లు వరసగా చెప్పించుకుని, ఏ స్టేషనులో ఏ ముచ్చటో రాసుకోవడం ఇప్పుడు అలా నడుస్తోంది. నాయన రోజుకు ఒక స్టేషను కన్నా ఎక్కువ చెప్పరు. అది ఎప్పటికి పూర్తవుతుందో జాబితాలో రాయలేదు. వచ్చే గురువారం సాయంత్రం నాలుక్కి తరవాతి స్టేషను మొదలవుతుందని మాత్రం ఉంది.